వృత్తం బయటి చుక్క

విశాఖపట్నంలో వెండి ఎక్కువకాలం తెల్లగా ఉండదు. సముద్రం మీంచి వచ్చే గాలి కిటికీ ఊచలతో ఆగదు, బీరువాలో గుడ్డలో చుట్టి దాచిన కుంకుమభరిణె దాకా వెళుతుంది. మా ప్రయోగశాల కొండ మీద, సరిగ్గా సముద్రానికి ఎదురుగా ఉంది. అక్కడ కూర్చుని వెండితో పని చెయ్యాలనుకోవడం తెలివైన పని కాదు. కానీ దొరికిన చోటు అదే. కిటికీలోంచి ఓడలు కనిపిస్తాయి కాబట్టి నేనెప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు.

నా పేరు పరాంకుశం. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. మా ఆవిడ రాజ్యం చనిపోయిన ఏడాదికి, ఒకప్పటి నా విద్యార్థిని డాక్టర్ హైమావతి ఇంటికొచ్చి, "పల్చటి లోహపు పూతల మీద మీరు ఎప్పుడో పరిశోధన చేశారు కదా మాస్టారూ. నాకు ఆ పని చేసేవాళ్ళు కావాలి. సోమవారం వచ్చెయ్యండి" అంది. ఎలా ఉన్నారని అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియని రోజులవి. అడగనందుకు ఇప్పటికీ ఆమెకి ఋణపడి ఉన్నాను.

పని ఇది. గోరంత గాజుబిళ్ళ మీద కంటికి ఆనని వెండి స్తంభాలని జంటలు జంటలుగా నిలబెట్టాలి. ప్రతి జంట మధ్యా సన్నటి సందు ఉంటుంది. లేజరు కాంతి పడితే ఆ సందులో ఇరుక్కుని ఎన్నో రెట్లు చిక్కబడుతుంది. రంగు తగిలించిన అణువు ఒక్కటంటే ఒక్కటి అక్కడికి చేరితే చాలు. ఏ కెమెరాకీ అందని దాని మిణుకు మా తెర మీద ఎర్రటి చుక్క అవుతుంది. అయితే అణువు వెండికి మరీ అంటుకుంటే వెలుగు చచ్చిపోతుంది. అందుకని వెండి మీద పల్చటి గాజుపొర కప్పాలి. ఆ పొర ఎక్కడ చిరిగినా ఉప్పుగాలి దూరి వెండిని నల్లబరుస్తుంది.

పొరని పరీక్షించడానికి యంత్రం ఉంది గాని, అది బిళ్ళలో నాలుగు మూలలే చూస్తుంది. అందుకని రోగుల రక్తం పడబోయే బిళ్ళలకి నేనొక పాత పద్ధతి కూడా కలిపాను. ముసుగు కిందికి లాగి, బిళ్ళని పెదవుల దగ్గర పెట్టుకుని మెల్లగా హా అని ఊపిరి వదులుతాను. ఆవిరి సమంగా పరుచుకుని సమంగా మాయమైతే పొర బాగున్నట్టు. ముత్యాల్లా విడిపోతే ఎక్కడో చిరిగినట్టు. తర్వాత శుద్ధజలంతో కడిగి పెట్టేస్తాను. చదువుకునే రోజుల్లో మా గురువుగారు అద్దాల పూతని అలాగే చూసేవారు. ఒకరి ప్రాణానికి సంబంధించిన బిళ్ళ కదా, కాస్త అదనంగా చూస్తే పోయేదేముందని నా ఉద్దేశం.

మేం వెతికేది ఒక ప్రోటీను అణువుని. ఊపిరితిత్తుల్లో కణితి మొదలవగానే, ఏ స్కానింగుకీ అందకముందే, కణాలు దాన్ని బయటికి విడుస్తాయి. దానికో పొడవాటి పేరుంది. మేం మాత్రం జాడ అనుకునేవాళ్ళం. రాజ్యానికి జబ్బు ఉందని తెలిసేసరికి అది నిమ్మకాయంత అయింది. ఆవగింజంత ఉన్నప్పుడే తెలిసుంటే అన్న ఆలోచన నన్ను రోజూ ఆ కొండ ఎక్కించేది. ఈ మధ్య సగం మెట్లలో ఆగాల్సి వస్తోంది. మా గూర్ఖా అది గమనించి, నేను ఆగే చోట ఒక పాత స్టూలు పడేశాడు. నాకోసమని అనలేదు. "ఊరికే అడ్డంగా ఉంటే ఇక్కడ పెట్టాను సాబ్" అన్నాడు.

*

ఊళ్ళో ఒక ఆసుపత్రి వాళ్ళు కిడ్నీ దాతల రక్తం మాకు పంపేవారు. దాత ఒంట్లో జబ్బు దాగి ఉంటే అది కిడ్నీతో పాటు అవతలి మనిషికీ వెళుతుంది కాబట్టి, మా పరీక్షలో జాడ కనిపిస్తే అక్కడి కమిటీ ఆ దాతని ఒప్పుకోదు.

ఆ రోజు వచ్చిన రక్తం పైడితల్లి అనే ఆవిడది. హైమావతి, నేను తెర ముందు కూర్చున్నాం. తెరంతా చీకటి. ఆ చీకట్లో ఒక ఎర్రటి చుక్క వెలిగి, కాసేపు నిలకడగా ఉండి, టక్కున ఆరిపోయింది.

"ఒకే దెబ్బకి ఆరింది" అంది హైమావతి.

గుంపుగా ఉన్న అణువులు మెట్లు మెట్లుగా ఆరతాయి. ఒక్కటే అయితే ఒక్కసారిగా ఆరుతుంది. నిక్కచ్చిగా ఒకే ఒక్క అణువు అది.

"అదృష్టవంతురాలు మాస్టారూ. ప్రపంచంలో ఎక్కడైనా ఇంత ముందుగా ఎవరికి తెలుస్తుంది?"

నాకూ అలాగే అనిపించింది. పేరు తప్ప ఏమీ తెలియని ఆ మనిషి బతికిపోయిందనుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో ఎవరో కుర్రది లేచి నాకు కిటికీ పక్క సీటు ఇచ్చింది. ఇంటికెళ్ళి కందిపచ్చడి చేసుకుని, చాలా రోజుల తర్వాత రేడియో పెట్టుకుని తిన్నాను.

*

ఆ వారంలోనే గూర్ఖా కిందనుంచి ఫోను చేశాడు. ఎవరో ఆడవాళ్ళు వచ్చారట, కదిలేది లేదంటున్నారట.

నేను దిగి వెళ్ళాను. గేటు దగ్గర ఒక ఆటో ఆగి ఉంది. దాన్నానుకుని సన్నగా, దిగులుగా ఒకతను నిలబడ్డాడు. ముందు ఒక ముసలావిడ, ఆమె వెనక ముప్పై దాటిన బలమైన మనిషి ఒకావిడ.

"ఇక్కడేనేటండి, రకతంలో సుక్క సూసీది?" అంది ముసలావిడ.

"ఇక్కడేనమ్మా."

"నాను సూరీడమ్మని. నా కూతురు కనకానికి రెండు కిడ్నీలూ పోనాయి బాబూ. దాని మొగుడి రకతం కలవనేదు. ఈడు నా కొడుకు అప్పన్న, ఈడికి సుగరు. నాది ముసిల్ది, పనికిరాదన్నారు. ఆకరికి నా కోడలు, ఇదొక్కత్తే కలిసింది. కలిసీసరికి దీనికేదో రోగమొచ్చీసిందంట. సూడండి, గుమ్మడికాయలా ఉన్నాది. రోగమేటి దీనికి?"

"గుమ్మడికాయలా ఉన్నానో గుండ్రాయిలా ఉన్నానో, ముందు ఆయన్ని సెప్పనీ అత్తా" అంది ఆ కోడలు. అంటే పైడితల్లి ఆవిడే.

"డాక్టరమ్మ కాళ్ళట్టుకుని అలాగ రాయించుకుందని మా ఈదిలో అందరూ అంటన్నారు. నాననేదు."

"ముందు నువ్వే అన్నావు."

"అంటే అన్నాను. కన్నదాన్ని."

ఆటో దగ్గరున్న అప్పన్న తల వంచుకున్నాడు. నేను ముగ్గురినీ నీడలోకి రమ్మని, పైడితల్లికి నెమ్మదిగా చెప్పబోయాను. జాడ ఇంత ముందుగా కనిపించడం ఆమెకే మంచిదని, తరచూ పరీక్షలు చేయించుకుంటూ ఉంటే పెద్ద ప్రమాదం ఉండదని. ఆమె సగంలోనే ఆపేసింది.

"నా మంచి తరవాత సూద్దురు గాని. మీది పెద్ద మిషనంట కదా. ఇంకోపాలి సూడండి. ఎంత రకతం కావాలంటే అంత తియ్యండి. రకతం కడగడానికి సూది గుచ్చుదామంటే కనకం సేతుల్లో నరాలు మిగల్నేదు. ఇప్పుడు మెడలో గుచ్చుతున్నారు. అక్కడా ఆగిపోతే ఇంకేటి దారి నేదన్నారు."

"మీ ఆడపడుచంటే మీకు అంత ప్రేమా?" అని అడిగాను. అడగకూడదేమో.

పైడితల్లి ఒక్కసారి నవ్వింది.

"దానికీ నాకూ పడదండి. నా పెళ్ళిరోజే నా జడగంటలు పీకీసింది. అప్పుడది సిన్న గుంట. ఇప్పటికీ నా సేతి కూర తిని ఉప్పు సాల్నేదంటది. ఉప్పు తినకూడదని డాక్టరే సెప్పీడు, నానేటి సేస్తాను? దెబ్బలాడతాం, అలుగుతాం, మళ్ళీ దాని తలకి నానే నూనె రాస్తాను." చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "దాంతో దెబ్బలాడాలంటే అది ఉండాల కదేటి?"

సూరీడమ్మ ముఖం అటు తిప్పుకుంది.

*

హైమావతి మళ్ళీ పరీక్షకి ఒప్పుకుంది. ఆసుపత్రి వాళ్ళు కొత్తగా రక్తం తీసి పంపారు. నేను ఆ వారం తయారుచేసినవాటిలోంచి అన్నిటికన్నా మంచి బిళ్ళని ఏరాను. వెండి మీద గీత లేదు, మచ్చ లేదు. ఊపిరి వదిలి చూశాను. తృప్తి కలగక మరోసారి వదిలి చూశాను. ఆ మనిషి విషయంలో నా వైపునుంచి ఏ లోపమూ ఉండకూడదనుకున్నాను.

తెర మీద మూడు చుక్కలు వెలిగాయి. ఒక్కొక్కటీ టక్కున ఆరింది.

"పెరిగింది" అంది హైమావతి. ఈసారి ఆమె గొంతులో ఉత్సాహం లేదు. ఆసుపత్రికి తనే ఫోను చేసింది. పైడితల్లి ఇక దాత కాదని కమిటీ తేల్చేసింది. కనకం పేరుని, ఎవరైనా చనిపోయినవాళ్ళ కిడ్నీ దొరికితే ఇవ్వమని కోరే వరసలో చేర్చారు. ఆ వరస ఎంత పొడుగో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం ఇంట్లో చారు పెట్టుకుంటూ ఆలోచనలో పడ్డాను. ఒకటి మూడు ఎలా అయింది? పట్టుమని రెండు వారాలు కూడా కాలేదు. ఏ కణితీ అంత తొందరగా పెరగదు. ఇంకొక సంగతి కూడా చాలాకాలంగా లోపల గుచ్చుతూ ఉంది. ఈ ఏడాది మా పరీక్షలో జాడ కనిపించినవాళ్ళలో ఒక్కరికి కూడా స్కానింగులో ఏమీ దొరకలేదు. అచ్యుతం అని ఒక బడిపంతులికి ఊపిరితిత్తిలోకి సూది దించి ముక్క తీశారు. ఆ తీయడంలో ఊపిరితిత్తి గాలి పోయి అణిగిపోతే, చాలా రోజులు మంచం మీద ఉన్నాడు. ముక్కలో ఏమీ లేదు. స్కానింగు చూడలేనిది మనం చూస్తున్నాం అని మేం గర్వపడ్డాం.

చారు పొంగి స్టవ్వు ఆరిపోయింది. పక్కింటావిడ గోడ మీంచి, "మాస్టారూ, గ్యాసు వాసనొస్తోంది, చూసుకోండి" అని కేకేసింది. మంచి మనుషుల మధ్య బతుకుతున్నాను అనుకుంటూ నాబు కట్టేశాను.

*

పొద్దున్న హైమావతి రాకముందే వెళ్ళి పైడితల్లి బిళ్ళ చిత్రాన్ని తెర మీద పెట్టాను. రక్తం చుక్క బిళ్ళ మధ్యలో గుండ్రంగా పరుచుకుంటుంది. లెక్కపెట్టే ప్రోగ్రాం ఆ వృత్తం లోపలే చూస్తుంది. బయట చూడాల్సిన పని దానికి లేదు, ఎందుకంటే రక్తం అక్కడికి వెళ్ళదు. మా కాలంలో ప్రోగ్రాములు లేవు, కంటితోనే చూసేవాళ్ళం. ఆ అలవాటుతో మొత్తం బిళ్ళని మూల నుంచి మూలకి చూసుకుంటూ వచ్చాను.

వృత్తం లోపల మూడు చుక్కలు సరే. బయట, పై అంచుకి దగ్గరగా, ఇంకొకటి ఉంది. దానికి కాస్త ఎడంగా మరొకటి.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. రక్తం తగలని చోట జాడ ఉంది.

అయితే అది రక్తంలోంచి వచ్చింది కాదు. మరెక్కడినుంచి? గాజు, వెండి, రంగు, శుద్ధజలం. ఇవన్నీ రోజూ ఉత్తనీళ్ళతో చేసే పరీక్షలో కూడా ఉంటాయి. యంత్రం మోసం చెయ్యడం లేదని తేల్చుకోవడానికి పెట్టుకున్న పరీక్ష అది. ఆ బిళ్ళ ఏడాది పొడుగునా ఒక్కరోజు కూడా వెలగలేదు. ఉత్తనీళ్ళ బిళ్ళలకి లేనిది, రోగుల బిళ్ళలకి మాత్రమే ఉన్నది ఏమిటి?

వాటికి నేను చేసే అదనపు జాగ్రత్త ఒక్కటే.

కిందటేడు దాకా ఇలాంటి చుక్కలు రాలేదు. అప్పుడూ నేను ఊదేవాణ్ణి. అంటే ఏడాదిగా నా ఊపిరిలో ఏదో మారింది.

కుర్చీలో వెనక్కి వాలాను. రేవులోకి ఒక ఓడ మెల్లగా వస్తోంది. దానికి దారి చూపుతూ లాక్కొచ్చే చిన్న పడవ ముందు వెళుతోంది. అది లోపలికి చేరేదాకా చూశాను. రాజ్యం చివరి ఏడాది, మందుల తర్వాత వాంతులతో, పక్కటెముకలు ఎగరేస్తూ గడిపిన రాత్రుళ్ళు గుర్తొచ్చాయి. అప్పట్లో ఆమె పక్కన నేనున్నాను. నా విషయంలో మాత్రం ఈ పరీక్ష ఎప్పుడూ చేయించుకోకూడదని, వచ్చేది వచ్చినప్పుడు తెలిస్తే చాలునని అనుకున్నాను. ఆ నిర్ణయం ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడది నిలబెట్టుకోవాలంటే నోరు మూసుకుంటే చాలు. కానీ పైడితల్లి ఆడపడుచుతో దెబ్బలాడాలనుకుంటోంది.

*

హైమావతి వచ్చాక చిత్రం చూపించి ఊపిరి సంగతి చెప్పాను.

ఆమె ముఖం ఎర్రబడింది. "ఊదుతారా? బిళ్ళ మీద ఊదుతారా మాస్టారూ? నేను చేతికి రెండేసి తొడుగులు వేయిస్తున్నాను, గాలిని వడబోయిస్తున్నాను. మీరు ముసుగు తీసి నోటితో ఊదుతున్నారా? అదే నా విద్యార్థి ఎవడైనా చేసుంటే ఈపాటికి గెంటేసేదాన్ని. అచ్యుతం గారికి సూది దించారు! ఎంతమందికి చెప్పాం, మీకు జబ్బొస్తుందని! ఇదంతా మీ..."

ఆగిపోయింది.

నేను తల వంచుకునే ఉన్నాను. ఆమె మాట మధ్యలో తెగిపోవడం విని తలెత్తాను. తెర మీద చుక్కల్ని, నన్ను, మళ్ళీ చుక్కల్ని చూస్తోంది.

"మాస్టారూ" అంది చాలా చిన్నగా. "ఇవి మీవి."

"అలాగే కనిపిస్తోందమ్మా."

ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. కాసేపటికి లేచి, ఫ్లాస్కులోంచి టీ వంచి, మూతలో నాకు పోసి, తను ఫ్లాస్కుతోనే తాగింది. తర్వాత ఇద్దరం పనిలోకి దిగాం. నేను ఊదని బిళ్ళ మీద పైడితల్లి మిగిలిన రక్తం వేశాం. తెర చీకటిగా ఉండిపోయింది. ఆ చీకటిని చూసి నేనంత సంతోషించడం అదే మొదటిసారి. ఇంకో బిళ్ళ మీద ఏ రక్తమూ వెయ్యకుండా నేను ఊపిరి వదిలాను. నాలుగు చుక్కలు వెలిగాయి.

ఆసుపత్రికి ఫోను చేస్తే అక్కడి డాక్టరు ఒప్పుకోలేదు. "రెండుసార్లు ఉందన్నారు, ఒకసారి లేదంటున్నారు. కమిటీ ముందు ఏమని చెప్పను? ఆ జాడ ఈవిడది కాదు, ఫలానా వారిది అని రుజువు కావాలి."

హైమావతి ఫోను పెట్టేసి కిటికీ దగ్గర నిలబడింది. మా పరికరాన్ని ఆసుపత్రులన్నింటిలో పెట్టడానికి అనుమతి వచ్చే నెలలో రావాల్సి ఉంది. ఆమె పదేళ్ళ కష్టం అది.

"ఈ సంగతి బయటపెడితే అనుమతి పోతుంది" అంది, నావైపు తిరక్కుండానే. "పైడితల్లి ఒక్కదాని విషయం ఎలాగోలా సర్దుకుని, మిగతావాళ్ళకి ఇకమీదట సరిగ్గా చేస్తే..."

"అచ్యుతం గారు ఇంకా ప్రతి మూడు నెలలకీ స్కానింగుకి వెళుతున్నారమ్మా. ప్రతిసారీ ముందురోజు నాకు ఫోను చేస్తారు, భయంగా ఉందని."

ఆమె నావైపు తిరిగింది. "పరీక్షలో ఎప్పుడైనా కాపీ కొట్టనిచ్చారా మీరు మమ్మల్ని?" అంది, నవ్వబోయి నవ్వలేక. "సరే. రుజువు కావాలంటే మీకు స్కానింగు తియ్యాలి. మీరు వద్దంటే నేను బలవంతపెట్టను. రిపోర్టులో పేరు కూడా అక్కర్లేదు, ఒక సిబ్బంది అని రాస్తాను."

"పేరు రాయి. కమిటీవాళ్ళు ఎవరని అడిగితే మళ్ళీ ఆలస్యం అవుతుంది."

కమిటీ తరఫున ఇద్దరు డాక్టర్లు వచ్చారు. వాళ్ళ ఎదురుగా నేను బిళ్ళల మీద ఊపిరి వదిలాను. అందులో ఒకాయన కుర్రవాడు. వెలుగుతున్న చుక్కల్ని చూసి మొదట "అద్భుతం" అన్నాడు. తర్వాత నన్ను చూసి, "క్షమించండి సార్" అన్నాడు. ఫర్వాలేదన్నాను. నిజానికి అది అద్భుతమే. ఒక మనిషి గదిలో ఊపిరి వదిలితే, అందులో కోట్ల కోట్ల అణువులుంటే, ఈ నాలుగింటినీ ఏరి చూపిస్తున్న వెండి అది. మేం చేసిన వస్తువు అబద్ధం చెప్పలేదు. ఎవరి నిజం చెబుతోందో మాకు తెలియలేదు, అంతే.

స్కానింగులో, కుడి ఊపిరితిత్తి కింది భాగంలో, ఆవగింజంత మచ్చ కనిపించింది. ఎక్కడ వెతకాలో తెలియకపోతే ఎవరూ గుర్తుపట్టేవారు కాదని ఆ డాక్టరు అన్నాడు. పైడితల్లికి కమిటీ అనుమతి ఇచ్చింది.

మా అనుమతి ఆగిపోయింది. ఏడాది పరీక్షలన్నీ మళ్ళీ చెయ్యాలి. జాడ ఉందని చెప్పిన ప్రతి ఒక్కరికీ హైమావతి తనే ఫోను చేసి, తప్పు మాదని చెప్పింది. కొందరు తిట్టారు. ఒకరు లాయరుతో మాట్లాడతామన్నారు. అచ్యుతం గారు మాత్రం కొండెక్కి వచ్చారు. ఆయన చొక్కా మీద చెయ్యి పెట్టుకుని, "అంటే నాకేం లేదన్నమాట" అన్నారు. "లేదు సార్" అంటే మళ్ళీ అడిగారు. మూడోసారి చెప్పాక బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చారు. ఆ తర్వాత నన్ను తిట్టాల్సినంత తిట్టారు. అది ఆయన హక్కు. పోయేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, "మీకెలా ఉంది?" అని అడిగారు.

*

కనకానికి ఆపరేషను జరిగిన మర్నాడే, నా ఊపిరితిత్తిలో ఆ మచ్చని తీసే సర్జను నన్ను రమ్మన్నాడు. ఇద్దరిదీ ఒకే ఆసుపత్రి కాబట్టి కాస్త ముందుగా వెళ్ళి పై అంతస్తులో చూసి వద్దామనుకున్నాను.

లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి సూరీడమ్మ గొంతు వినిపించింది. అద్దాల గది బయట నిలబడి, వచ్చేపోయే వాళ్ళందరినీ ఆపి లోపలికి చూపిస్తోంది. కనకం మంచం పక్కన ఒక సంచీ వేలాడుతోంది. అందులో మూత్రం సగానికి పైగా ఉంది.

"సూడండి బాబూ, సూడండి!" అని నా చెయ్యి పట్టుకుంది. "ఏడాదయింది నా కూతురు ఒంటేలికెల్లి. బల్ల మీద కుట్టీసిన ఎంటనే జలజలా వచ్చీసిందంట. పచ్చగా బంగారంలా ఉన్నాది కాదేటి?"

"బంగారమేనమ్మా" అన్నాను. నిజంగానే ఎండలో మెరుస్తోంది అది.

"నా కోడలి కిడ్నీ. ఊరికే ఉంటాదేటి? ఒక్క నిమిషం కుదురుగా కూకోదు, దాని కిడ్నీ మాత్రం కూకుంటాదా?" గొంతు తగ్గించింది. "నానన్న మాటలు మనసులో ఎట్టుకోకని సెప్పాలనెల్లాను. దాని మొకం సూసీసరికి నోరు రానేదు. కొబ్బరినీళ్ళిచ్చి వచ్చీసాను."

పైడితల్లి పక్క వార్డులో ఉంది. పొట్ట పట్టుకుని లేచి కూర్చోబోతుంటే నర్సు కసురుకుంటోంది. అప్పన్న స్టూలు మీద కూర్చుని కమలాపండు ఒలుస్తున్నాడు.

"ఒచ్చీసారా మాస్టారూ" అంది. "అది మెలకువొచ్చీసరికి ఏటన్నాదో తెలుసా? నా కూరలో ఇకమీద ఉప్పెయ్యాలంట. డాక్టరు ఒప్పుకున్నాడా లేదా అడగమని కబురెట్టినాది నాకే. కడుపు కోసిచ్చినా దానికి ఇశ్వాసం నేదు." చెప్పలేనంత సంతోషంగా ఉంది ఆ ముఖం. తర్వాత నన్ను తేరిపార చూసి, "డాక్టరమ్మ సెప్పినాది. మీకెప్పుడు?" అంది.

"ఇవాళ మాట్లాడి, వచ్చే వారం చేస్తారట. చిన్నదే. ముందుగా దొరికింది."

"ఎవరొచ్చారు కూడా?"

"మాట్లాడటానికే కదా. ఎవరెందుకు?"

ఆమె మొగుడి వైపు తిరిగి, "ఇంకా ఒలుస్తావేటి ఆ పండు? లెగు" అంది.

కింద అంతస్తులో బెంచీ మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. అప్పన్న మాటకారి కాదు. ఒలిచిన కమలాపండు రుమాల్లో పెట్టి తెచ్చాడు, తలా ఒక తొన చొప్పున తిన్నాం. పుల్లగా ఉంది. ఎదురుగా ఒక పెద్దాయన కునికిపాట్లు పడుతుంటే, ఆయన కూతురు తన భుజం మెల్లగా ఆయన తల కిందకి జరిపింది.

నర్సు తలుపు తెరిచి నా పేరు పిలిచింది. "మీతో ఎవరైనా వచ్చారా?" అని అడిగింది.

ఎవరూ లేరని చెప్పడానికి నోరు తెరిచాను. ఎన్నాళ్ళనుంచో నోటికి అలవాటైన జవాబు అది. అప్పటికే అప్పన్న నా ఫైలు చంకలో పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మేవొచ్చామండి" అన్నాడు.